అద్దె యంత్రాలు – మన మహాసభలు

మన సంఘాల మహాసభల జమాఖర్చులను వరుసగా ఇరవై ఏళ్ళవి ముందు పెట్టుకుని చూచినవారికి ఒక మార్పు తేటతెల్లంగా కనిపిస్తుంది. వెనుకటి లెక్కలలో అద్దె పద్దు కింద షామియానా, కుర్చీలు, వంటపాత్రలు, మైకు సెట్టు ఉండేవి. ఇప్పుడు వాటి సరసన ల్యాప్‌టాప్‌లు, ప్రొజెక్టరు, ఎల్.ఇ.డి. తెర, ప్రింటరు, వాటిని నడిపే ఆపరేటరు బత్తా వచ్చి చేరాయి. కొన్నిచోట్ల ఈ కొత్త పద్దు భోజనాల పద్దుతో పోటీ పడుతున్నది. ఆహ్వాన సంఘం వారు కొటేషన్లు తెప్పించి, తక్కువ ధర చెప్పినవారికి ఖాయం చేసి, బిల్లు కోశాధికారికి అప్పగించి తమ బాధ్యత తీరిందనుకుంటున్నారు. షామియానా విషయంలో అది నిజమే. షామియానా విప్పుకుని పోయేటప్పుడు మన వస్తువు ఏదీ దానితో పోదు. కంప్యూటరు విషయంలో అలా కాదు. ఈ తేడాను మనం ఇంకా గ్రహించలేదన్నదే మా ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో మొదటి ముద్దాయిలం మేమే.

రైల్వేలలో సంఘాల గుర్తింపు కొరకు 2024 డిసెంబరు 4, 5, 6 తేదీలలో రహస్య బ్యాలట్ జరిగిన సంగతి పాఠకులకు తెలుసు. 2013 తరువాత పదకొండేళ్ళకు జరిగిన ఎన్నిక అది. దానికి కొద్ది వారాల ముందు మేము ఒక డివిజను కేంద్రంలో రెండు రోజుల కార్యకర్తల సమావేశం జరిపాము. ఊళ్ళోని ఒక దుకాణం నుంచి రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక ప్రొజెక్టరు అద్దెకు తెచ్చాము. మొదటి రోజు ఉదయం యంత్రం తెరవగానే, తెర మీద ఎవరిదో ఒక ప్రయివేటు సంస్థ సిబ్బంది జీతాల పట్టిక ఎదురుగా కనబడింది. పేర్లు, హోదాలు, బ్యాంకు ఖాతా నెంబర్లు, కోతలు, చేతికి వచ్చే మొత్తం, అన్నీ ఉన్నాయి. అంతకు ముందు వారం వారి సమావేశానికి ఆ యంత్రమే వెళ్ళి వచ్చినదట. మన కుర్రకారు నవ్వారు. ఆ జీతాలు చూసి, ఇంత తక్కువకు ఎలా పనిచేస్తున్నారని ఒకరు జాలి పడ్డారు. మేమూ నవ్వినవారిలో ఉన్నాము.

ఆ రెండు రోజులూ మేము అదే యంత్రం మీద మా పని చేసుకున్నాము. బ్రాంచీల వారీగా సభ్యుల జాబితా, వారి మొబైల్ నెంబర్లు, ఏ డిపోలో, ఏ షెడ్డులో, ఏ గ్యాంగులో ఎందరు మనవైపు ఉన్నారు, ఎందరు ఊగిసలాడుతున్నారు అన్న అంచనా పట్టిక తయారుచేశాము. అంచనా అంటే వట్టి అంకెలు కావు, పేర్లతో సహా. మూడవ రోజు కోశాధికారి బిల్లు చెల్లించడానికి వెళ్ళినప్పుడు గాని మాకు ఆ పట్టిక గుర్తు రాలేదు. అప్పటికే యంత్రం మరొక సమావేశానికి పోయింది. ఎవరి సమావేశమని అడిగితే, దుకాణదారు మర్యాదగానే, ఖాతాదారుల వివరాలు చెప్పకూడదన్నాడు. అది సబబైన మాటే. నాలుగు రోజుల తరువాత యంత్రం తిరిగి వచ్చినప్పుడు పోయి చూస్తే మా పట్టిక పెట్టినచోట పెట్టినట్లే ఉన్నది. అంతకంటె ఘోరం, డివిజను కార్యదర్శి ఫోనులోని వాట్సాప్ ఆ యంత్రం మీద తెరిచినది తెరిచినట్లే ఉన్నది. ఈ నాలుగు రోజులూ ఆయనకు వచ్చిన ప్రతి సందేశమూ అందులోకి వచ్చి పడుతూనే ఉన్నది. ఫోనులోంచే ఆ బంధాన్ని తెంచవచ్చునని మాలో ఒక్కరికీ అప్పటికి తెలియదు.

ఎవరైనా చూశారా, చూడలేదా అన్నది తేల్చలేకపోయాము. రహస్య బ్యాలట్ అన్న మాటకు అర్థం ఉండాలంటే ఓటు వేసే గది ఒక్కటి రహస్యంగా ఉంటే చాలదు. ఒక ట్రాక్‌మన్ పేరు పక్కన మనం వేసుకున్న గుర్తు అతని పై అధికారి కంటబడితే, అతని రోస్టరు, అతని బదిలీ, అతని క్వార్టరు ఏమవుతాయో మన పాఠకులకు మేము వివరించనక్కరలేదు. దుకాణదారుని మేము తప్పుపట్టడం లేదు. అతను అద్దెకిచ్చినది యంత్రం, అందులో పెట్టి పోయినది మనం.

ఇంతమాత్రం చేత అద్దెకు తీసుకోవడమే మానాలని మేము అనడం లేదు. కొందరు సోదరులు వెంటనే ఆ మాటకే వచ్చారు: "మనమే కొనుక్కుందాం, పీడ పోతుంది" అని. కొన్న అనుభవమూ మనకు ఉన్నది. మన అనుబంధ సంఘాల కార్యాలయాలలో ఎన్ని ప్రొజెక్టర్లు బీరువాలలో పడి ఉన్నాయో ఒకసారి లెక్క తీయండి. ఏడాదికి రెండుసార్లు వాడే వస్తువు మిగిలిన కాలమంతా దుమ్ము తాగుతుంది. తీరా మహాసభనాడు తీస్తే దీపం వెలగదు, కొత్త దీపం ఖరీదు వింటే కోశాధికారి కళ్ళు తిరుగుతాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ వాడినా, వాడకపోయినా చస్తుంది. విండోస్ 10కు తయారీదారు ఉచిత భద్రతా సవరణలు ఇవ్వడం 2025 అక్టోబరు 14తో ఆగిపోయిన తరువాత, బాగానే పనిచేస్తున్న యంత్రాలు కూడా నమ్మకం లేనివిగా మారాయి. రెండు రోజుల పనికి ఇరవై యంత్రాలు కావలసినచోట అద్దె తప్ప వేరే దారి లేదు. దారి ఉండనవసరమూ లేదు. కార్మికుల చందా డబ్బు బీరువాలో తుప్పు పట్టించడం పొదుపు కాదు.

అసలు మన రైల్వేలకు కంప్యూటరు వచ్చినదే అద్దె రూపంలో. ఇది కొత్త తరం ఉద్యోగులకు తెలియదు. 1960 దశకంలో జోనల్ కార్యాలయాలలో దిగిన ఐ.బి.ఎం. 1401 యంత్రాలు రైల్వేలు కొన్నవి కావు. నెల నెలా అద్దె చెల్లించే ఏర్పాటు మీద వచ్చినవి. 1959లో ఆ కంపెనీ ఆ యంత్రాన్ని ప్రకటించినప్పుడు అమెరికాలో దాని అద్దె నెలకు 2,500 డాలర్ల నుంచి మొదలయ్యేది. దాని జ్ఞాపకశక్తి గరిష్ఠంగా 16,000 అక్షరాలు. ఈనాడు మన జేబులోని ఫోనులో ఒక్క ఫోటో పట్టే చోటు కూడా కాదు. ఆ యంత్రాల మీద జీతాల బిల్లులు, రాబడి లెక్కలు, గణాంకాలు తయారయ్యేవి. జీవిత బీమా ఉద్యోగులు ఆ దశకంలోనే కలకత్తాలో కంప్యూటరు తమ భవనంలో అడుగు పెట్టకుండా రాత్రింబవళ్ళు కాపలా కాశారు. రైల్వేలలో మాత్రం అవి ముందే వచ్చి కూర్చున్నాయి.

ఆ అద్దెల కథ ఎలా ముగిసిందో కూడా గుర్తు చేసుకోవాలి. సంపన్న దేశాలలో కాలం చెల్లిన యంత్రాలను తెచ్చి, బాగుచేసి, మన దేశంలో ఏళ్ళ తరబడి అద్దెకు తిప్పుతున్నారన్న విమర్శ 1970 దశకంలో పార్లమెంటు దాకా వెళ్ళింది. పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ప్రభుత్వ శాఖలలోని కంప్యూటర్ల వ్యవహారాన్ని పరిశీలించి ఈ ధోరణిని గట్టిగా విమర్శించింది. విదేశీ వాటా తగ్గించుకోవాలన్న 1973 నాటి విదేశ మారకద్రవ్య చట్టానికి ఒప్పుకోక ఆ కంపెనీ 1978లో దేశం విడిచి వెళ్ళింది. దాని యంత్రాల మరమ్మతు బాధ్యతను 1975లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ సి.ఎం.సి. స్వీకరించింది. అనంతరం రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరీకరణకు తొలి ప్రోగ్రాములు రాసినది కూడా ఆ సంస్థే. అటువంటి సంస్థను 2001లో ప్రయివేటుకు అమ్మివేశారు. ఆ గాథ వేరే వ్యాసానికి తగినది, ఇక్కడ ఆపుతాము.

ఇప్పుడు మా వాదానికి కావలసినది ఒక్క విషయం. ఆనాటి అద్దెలో యంత్రం కంపెనీది, కార్డులు మనవి. ఎనభై గళ్ళ వరుసలు ఉన్న ఆ అట్ట కార్డుల మీద రంధ్రాలుగా ఉన్నదే సమాచారం. పని ముగిశాక కార్డుల కట్టలు, టేపుల చుట్టలు మన ఆఫీసు బీరువాలలోనే ఉండేవి. కంపెనీవారు యంత్రాన్ని ఊడదీసి లారీకి ఎక్కించుకుపోయినా ఒక్క గ్యాంగ్‌మన్ పేరు కూడా వారి వెంట పోయేది కాదు. ఈనాడు యంత్రమూ, కార్డూ ఒకటైపోయాయి. యంత్రాన్ని అప్పగించడమంటే కార్డుల బీరువాను కూడా తాళంచెవితో సహా అప్పగించడమే. అద్దె రసీదు మీద మాత్రం యంత్రం పేరే ఉంటుంది.

"డిలీట్ చేశాము గదా" అనే సోదరుల కొరకు రెండు మాటలు. మన రికార్డు రూములో ఒక పాత దస్త్రం ఉన్నది. ఇండెక్సు రిజిస్టరులో దాని పేరు మీద గీత కొట్టివేశారు, దస్త్రం మాత్రం అరలోనే ఉన్నది. ఆ అరలో మరొక దస్త్రం పెట్టవలసి వచ్చినప్పుడు గాని దాన్ని తీసి పారవేయరు. కంప్యూటరులో ఫైలును తొలగించడం సాధారణంగా ఇటువంటిదే. గీత కొట్టిన దస్త్రాన్ని వెతికి తీసే ప్రోగ్రాములు బజారులో ఉచితంగా దొరుకుతాయి. చెత్తబుట్ట గుర్తులోకి నెట్టి ఊరుకున్నవారి సంగతి చెప్పనే అక్కరలేదు. ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. ప్రతినిధుల గుర్తింపు కార్డులు అచ్చువేయడానికి, తీర్మానాల ప్రతులు తీయడానికి అద్దెకు తెచ్చే పెద్ద కాపీ యంత్రాలలో చాలావాటికి లోపల సొంత డిస్కు ఉంటుంది. తాము తీసిన కాగితాల నకలు కొంతకాలం అందులో నిలిచి ఉండవచ్చును.

విరుగుడు కష్టమైనది కాదు. తెర, ప్రొజెక్టరు, ధ్వని పరికరాలు అద్దెకు తీసుకోవచ్చు. వాటిలో మనది ఏమీ మిగలదు. జాబితా ఉన్న యంత్రం మాత్రం మన సంఘానిదో, మన కార్యదర్శిదో కావాలి. ఒక్క ల్యాప్‌టాప్ సొంతానికి ఉంటే చాలు, పందొమ్మిది అద్దెవి కావచ్చు. అద్దె యంత్రం మీద పేర్ల పని తప్పనిసరి అయితే, ఫైలును మన పెన్ డ్రైవ్ మీదనే తెరిచి, దాని మీదనే భద్రపరచి, దాన్ని జేబులో వేసుకుని రావాలి. అందులోనూ యంత్రం తనంతట తాను తాత్కాలిక నకళ్ళు రాసుకుంటుంది గనుక ఇది సగం రక్షణ మాత్రమే. సొంత మెయిలు, వాట్సాప్ ఆ యంత్రం మీద తెరవనే కూడదు. సమావేశం ముగిసిన రోజున, లారీ ఎక్కించక ముందు, మన మనిషి సమక్షంలో డిస్కును పూర్తిగా తుడిచి కొత్తగా సిద్ధం చేయాలని అద్దె పత్రంలోనే రాయించుకోవాలి. రాయించుకోకుండా ఆఖరిరోజు అడిగితే, ఆపరేటరు మూటాముల్లె సర్దుకునే తొందరలో ఉంటాడు, మనం రైలు అందుకునే తొందరలో ఉంటాము.

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది, అమలు దశలవారీగా జరుగుతుందన్నారు. ఆ చట్టంలో ప్రభుత్వానికి ఉంచుకున్న మినహాయింపుల మీద మనకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. అయినా దాని మూలసూత్రంతో మనకు తగాదా ఉండరాదు. ఎవరి వివరాలు ఎవరు సేకరిస్తే వాటిని కాపాడే పూచీ వారిదే. సభ్యుల చిట్టా సంఘం సేకరించినది, పూచీ సంఘానిదే.

ఇంతవరకు మన ఇంటి సంగతి. శాఖలు జరిపే కార్యక్రమాల దగ్గరకు వస్తే వ్యవహారం మరింత బరువైనది, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే శిక్ష పడేది ఉద్యోగికి. తపాలా శాఖలో ఖాతాలు తెరిపించే మేళాలు, బీమా మేళాలు జరుగుతున్నవి. ఒక ఫంక్షన్ హాలులోనో, పంచాయతీ కార్యాలయంలోనో బల్లలు వేసి, జనాన్ని పిలిచి, ఆధార్ ప్రతులు తీసుకుని అక్కడికక్కడే నమోదు చేస్తారు. ఇటువంటి ఒక మేళాలో ఆఫీసు యంత్రాలు చాలక బయటి నుంచి అద్దెకు తెచ్చిన ల్యాప్‌టాప్‌ల మీద, తమ సొంత యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వేసి పనిచేయవలసి వచ్చినదని మన సభ్యులు కొందరు మా దృష్టికి తెచ్చారు. లిఖితపూర్వకమైన ఆదేశం అడిగితే, "పని కానివ్వండి, తరువాత చూద్దాం" అన్నది జవాబు. ఖాతాదారు సమాచారం రేపు ఎక్కడో బయటపడితే, విచారణలో మొదట కనిపించే పేరు ఎవరిది? ఆ యూజర్ ఐడీ గల గుమాస్తాది. అద్దె యంత్రం ఎవరు తెప్పించారో, ఎవరి మాట మీద తెప్పించారో కాగితం మీద ఉండదు. తపాలాలో రూల్ 16తో పోతుందా, రూల్ 14 దాకా వెళుతుందా అన్నదే మిగిలే ప్రశ్న. రైల్వేలో అయితే ఎస్.ఎఫ్. 11 గాని, ఎస్.ఎఫ్. 5 గాని.

అందుచేత ఈ విషయంలో మా సలహా సూటిగా ఉన్నది. శాఖ సరఫరా చేయని యంత్రం మీద, శాఖాపరమైన యూజర్ ఐడీతో పనిచేయమని నోటిమాటగా చెప్పినప్పుడు, పని నిరాకరించవద్దు. ఆ యంత్రం ఎక్కడిదో, ఎవరి ఆజ్ఞ మీద వాడుతున్నారో ఒక చిన్న లేఖలో రాసి పై అధికారికి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే అదే లేఖను రిజిస్టర్డు... కాదు, మన తపాలా సోదరులు సవరిస్తారు, 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డు పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది గనుక, స్పీడ్ పోస్టులో పంపండి. ఆ రసీదు ఒక్కటే రేపటి విచారణలో మన చేతికి ఆధారం. సంయుక్త సంప్రదింపుల వేదికలలో ఈ అంశాన్ని చర్చకు పెట్టవలసిన బాధ్యత మన నాయకత్వానిది.

రైల్వేలో ప్రారంభోత్సవాల హంగామా గురించి కూడా ఒక మాట. 2023 ఆగస్టు 6న దేశమంతటా 508 స్టేషన్ల పునరభివృద్ధికి ఒకేరోజున వీడియో ద్వారా శంకుస్థాపన జరిగింది. స్టేషన్లు బాగుపడడం ప్రయాణికులకూ, మనకూ కావలసినదే. అటువంటి ఒక కార్యక్రమం రోజున ఒక స్టేషనులో మేము చూసినది చెబుతాము. ప్లాట్‌ఫారం పక్కన లారీ నిండా దిగిన అద్దె తెరలు, కంప్యూటర్లు. తెర ముందు కుర్చీలు నింపడానికి సిబ్బందిని డ్యూటీ మధ్యలో పిలిపించారు. అక్కడికి పది అడుగుల దూరంలో బుకింగు కౌంటరులో టికెట్టు అచ్చువేసే ప్రింటరు మొరాయించి, రెండవ కౌంటరు మూసి, క్యూ గేటు దాటిపోయింది. ఒక పూట ప్రదర్శనకు అద్దె దొరికినప్పుడు, ఏడాది పొడుగునా టికెట్లు అమ్మే యంత్రానికి మరమ్మతు ఎందుకు దొరకదని ఒక పెద్దమనిషి క్యూలోంచి అడిగాడు. అడిగినది కౌంటరులోని గుమాస్తాను. తిట్లు తిన్నదీ ఆయనే.

తిరిగి మన మహాసభలకు వస్తాము, ఎందుకంటే ఇతరుల హంగామాను విమర్శించేవారి ఇల్లు శుభ్రంగా ఉండాలి. తెర వచ్చిన తరువాత చర్చ తగ్గింది. ఇది మా గట్టి అభిప్రాయం. వెనుకటి రోజులలో ప్రధాన కార్యదర్శి నివేదిక అచ్చుప్రతిగా ముందురోజు రాత్రే ప్రతినిధుల చేతికి వచ్చేది. ఖరగ్‌పూర్ నుంచి, గుంతకల్లు నుంచి వచ్చిన ప్రతినిధి బసలో మంచం మీద బోర్లా పడుకుని దాన్ని చదివి, అంచుల్లో పెన్సిలుతో గీతలు పెట్టుకుని, మర్నాడు "పన్నెండవ పేజీలో జమాఖర్చు మూడవ పద్దు వివరించండి" అని లేచి నిలబడేవాడు. తెర మీద పన్నెండవ పేజీ పది క్షణాలు నిలిచి మాయమవుతుంది. అంకెలు కళ్ళ ముందు మెరిసి పోయాయి గనుక అందరికీ తెలిసినట్లే అనిపిస్తుంది, అడగడానికి మాత్రం ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. నాయకత్వానికి ఇది సుఖంగానే ఉంటుంది. ఆ సుఖం అనుభవించినవారం గనుక చెబుతున్నాము.

తెర మీద ఆధారపడితే ఇంకొక ప్రమాదం తెలుగువారికి ప్రత్యేకంగా ఉన్నది. ఖరగ్‌పూర్‌లో జరిగిన ఒక సభకు మన కార్యాలయంలో నివేదికను అను ఫాంట్లలో టైపు చేయించి తీసుకువెళ్ళాము. తెలుగు అచ్చుపని చేసేవారికి ఆ ఫాంట్లు కొట్టినపిండి. అక్కడ అద్దెకు తెచ్చిన యంత్రంలో ఆ ఫాంట్లు లేవు. ఉండవలసిన అవసరం బెంగాలీ దుకాణదారుకు ఏముంటుంది? తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొంకి గీతలు ప్రత్యక్షమయ్యాయి. నాలుగు తరాలుగా అక్కడే పనిచేస్తూ, ఇంట్లో తెలుగు నిలుపుకుంటూ వస్తున్న రైల్వే కుటుంబాలవారు, "ఇది మాకు రాని తెలుగు" అని నవ్వారు. ఆ పూట మమ్మల్ని కాపాడినది ఒక సోదరుడు సంచిలో తెచ్చుకున్న ఒకే ఒక్క అచ్చుప్రతి. దాన్ని చదివి వినిపించాము. చర్చ బాగా జరిగింది. నివేదికను యూనికోడ్‌లో టైపు చేయించడమో, పీడీఎఫ్‌గా మార్చి తీసుకువెళ్ళడమో చేస్తే ఈ తిప్పలు ఉండవు. అయినా అచ్చుప్రతి ఇవ్వకుండా తెర వెలిగించరాదన్నది మా పట్టుదల.

ఇక, ఆ తెర మోసుకొచ్చినవారి మాట. పోయిన మహాసభలలో ఒకదానిలో రెండవ రోజు తెల్లవారుజామున మేము వేదిక వెనుకకు వెళ్ళినప్పుడు, నలుగురు కుర్రాళ్ళు తెరల అట్టపెట్టెల మధ్య కార్పెట్టు మీద పడి నిద్రపోతున్నారు. రాత్రి ఒంటిగంట దాకా చట్రం బిగించి, తీగెలు పరిచి, పరీక్షించి అక్కడే ఒరిగారు. అందులో ఒకరిని కదిలిస్తే, కార్యక్రమానికి ఇంత అని కూలి, కార్యక్రమం లేని రోజున లేదు, దెబ్బ తగిలితే ఓనరు చూసుకుంటాడు, చూసుకోకపోతే లేదు అని చెప్పాడు. ముందురోజు సాయంత్రం మనం కాంట్రాక్టు కార్మిక విధానం రద్దు కావాలని ఏకగ్రీవ తీర్మానం చేశాము. ఆ తీర్మానం పెద్ద అక్షరాలలో వెలిగినది ఆ కుర్రాడు బిగించిన తెర మీదనే. ప్రతినిధులకు వడ్డించిన భోజనం వారికి పెట్టాలన్న తలంపు కూడా ఎవరికీ రాలేదు.

1970 నాటి కేంద్ర కాంట్రాక్టు కార్మిక చట్టం 20 మంది ఉన్నచోట నుంచి లెక్కలోకి తీసుకున్నది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 50కి పెంచింది. నలుగురైదుగురితో నడిచే అద్దె దుకాణం ఆనాటి చట్టానికి అందలేదు, ఈనాటి కోడ్‌కు మరింత దూరమైంది. చట్టం అందనిచోట కనీసం మన అద్దె పత్రం అందాలి. పనిచేసేవారి పేర్లు, వారికి చెల్లించే రోజుకూలి, రాత్రి పనికి అదనం, ప్రమాద బీమా, భోజనం, పడక, ఇవి మనం అడిగితే దుకాణదారు కాదనడు. బిల్లు కొద్దిగా పెరుగుతుంది. అతి తక్కువ కొటేషను కొరకు వెతికే అలవాటు యాజమాన్యాలది. వారి నుంచి మనం నేర్చుకోవలసినవి ఉంటే వేరే ఉన్నాయి.

బిల్లు మాట వచ్చింది గనుక కోశాధికారులకు ఒక హెచ్చరిక. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగ సంఘాల గుర్తింపు నియమాలు 1993లో వచ్చాయి. సంఘం నిధులను సంఘ లక్ష్యాలకే వినియోగించాలన్నది అందులోని షరతు. నిధుల వినియోగాన్ని కారణంగా చూపి 2023 ఏప్రిల్‌లో తపాలా శాఖ ఒక పెద్ద సమాఖ్య గుర్తింపును ఉపసంహరిస్తూ ఉత్తర్వు జారీ చేసిన సంగతి మరువరాదు. ఆ ఉత్తర్వులోని న్యాయాన్యాయాల మీద మన వైఖరి ఈ పత్రికలో ప్రకటితమైనదే. అయితే మన లెక్కలను వెతికే కళ్ళు కాచుకుని ఉన్నాయన్నది అందరూ గ్రహించాలి. "ఎలక్ట్రానిక్ సామాను అద్దె" అని ఒక్క ముక్క రాసి, మొత్తం వేసి, చేతిరాత చీటీ జతపరచిన బిల్లులు మేము చూశాము. ఎన్ని యంత్రాలు, ఎన్ని రోజులు, రోజు అంటే ఏ గంట నుంచి ఏ గంట వరకు, రవాణా ఎంత, ఆపరేటరు బత్తా ఎంత, జీఎస్టీ ఎంత, డిపాజిట్టు తిరిగి వచ్చిందా లేదా అన్నవి విడివిడిగా ఉండాలి. రోజు లెక్కలో చాలామంది మోసపోతున్నారు. యంత్రం దుకాణం గడప దాటిన క్షణం నుంచి తిరిగి గడప తొక్కేదాకా లెక్కించే దుకాణాలు ఉన్నాయి. రెండు రోజుల సభకు నాలుగు రోజుల అద్దె పడుతుంది. యంత్రం చెడితే ఎంతసేపటిలో మారుస్తారో, మార్చకపోతే ఎంత తగ్గిస్తారో ముందే రాయించుకోవాలి. కరెంటు పోయినప్పుడు జనరేటరు ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోవాలి. సభ మధ్యలో ఆ వాదన పెట్టుకున్న ఆహ్వాన సంఘాలను ఎరుగుదుము.

పై విషయాలన్నీ కలిపి ఒక అద్దె పత్రం ముసాయిదాను మా కార్యాలయం తయారుచేసింది. తెలుగులో రెండు పేజీలు. దాని నకలును అన్ని డివిజను, సర్కిల్ శాఖలకు పంపుతున్నాము. అద్దె దుకాణాలతో వ్యవహరించిన అనుభవం ఉన్న కార్యకర్తలు, ముఖ్యంగా ఆహ్వాన సంఘాలలో కోశాధికారులుగా పనిచేసినవారు, దాని మీద తమ సవరణలు రాసి రాబోయే కార్యవర్గ సమావేశానికి పదిహేను రోజుల ముందుగా పంపవలసినదిగా కోరుతున్నాము. సవరణలు కాగితం మీదనే పంపండి. సభ్యుల పేర్లు గల పాత ఫైళ్ళు ఏ అద్దె యంత్రంలోనైనా విడిచి వచ్చిన సంగతి గుర్తుకు వస్తే, సిగ్గుపడకుండా ఆ దుకాణానికి వెళ్ళి చూడండి. మేము వెళ్ళాము.